విడాకుల తర్వాత జీవిత బీమాలో నామినీని మార్చుకోవడం: గోదావరి జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

కోర్టు విడాకులు మంజూరు చేసిందంటే పాత పాలసీల్లో భర్త పేరో భార్య పేరో దానంతట అదే పోతుందని మన గోదావరి జిల్లాల్లో చాలామంది అనుకుంటారు. పోదు. విడాకుల తీర్పు పత్రం, అంటే డిక్రీ కాపీని కోర్టు బీమా కంపెనీకి పంపదు. ఒకవేళ ఎవరైనా పంపినా, దాన్ని చూసి కంపెనీ తనంతట తాను నామినీ పేరు కొట్టేయదు. పాలసీదారు బతికుండగా, పాలసీ గడువు తీరకముందు, రాతపూర్వకంగా అడగాలి. ఆ మార్పు కంపెనీ రికార్డులోకి ఎక్కాలి. అప్పుడే నామినీ మారినట్టు. ఈ చిన్న పని మిగిలిపోతే, ఎప్పుడో విడిపోయిన మనిషి చేతికి డబ్బు వెళ్లి, పిల్లలూ ముసలి తల్లీ లాయర్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

దీనికంతటికీ ఆధారం 1938 నాటి బీమా చట్టంలోని 39వ సెక్షను. నామినేషను మార్చుకునే హక్కు పాలసీదారుదేనని అది చెబుతోంది. పాత నామినీ సంతకం అక్కర్లేదు, సమ్మతి అక్కర్లేదు, కబురు చేయాల్సిన పని కూడా లేదు. విడాకుల డిక్రీ చూపించాలని కూడా ఆ సెక్షనులో ఎక్కడా లేదు. కౌంటరు దగ్గర ఎవరైనా డిక్రీ తెమ్మంటే, నామినేషను మార్పుకు డిక్రీతో పని లేదని మర్యాదగానే చెప్పండి.

డిక్రీ దాకా ఆగాలా?

ఆగక్కర్లేదు. విడాకుల కేసులు ఏళ్ల తరబడి నడుస్తాయి. పరస్పర అంగీకారంతో వెళ్లినా, హిందూ వివాహ చట్టం 13బీ కింద ముందు ఏడాది పాటు విడిగా ఉండాలి, పిటిషను వేశాక మామూలుగా ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలల గడువును తగిన కేసుల్లో మాఫీ చేయవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది గానీ అందరికీ ఆ వెసులుబాటు దొరకదు. ఈ మధ్యలో ఏదైనా జరిగితే పాలసీలో ఉన్న పాత పేరే లెక్క. కాబట్టి వేరుపడాలన్న నిర్ణయం ఖాయమైన రోజే నామినేషను సంగతి చూసుకోవాలి.

మూడు సందర్భాల్లో మాత్రం ముందు లాయరును అడిగి కదలండి. పాలసీల జోలికి వెళ్లొద్దని కోర్టు ఉత్తర్వు ఉంటే. రాజీ ఒప్పందంలో "ఫలానా పాలసీలో భార్య పేరే, లేదా పిల్లల పేరే ఉంచుతాను" అని మీరు ఒప్పుకుని ఉంటే. భరణం కేసులో మీ ఆస్తుల అఫిడవిట్ దాఖలు చేసి ఉంటే. మూడోదాంట్లో నామినీని మార్చడం తప్పు కాదు గానీ, పాలసీని సరెండర్ చేసి (గడువుకు ముందే రద్దు చేసుకుని) ఆ డబ్బు కోర్టుకు చెప్పకుండా దాచితే అది వేరే చిక్కు తెస్తుంది.

పెద్దమనుషుల కాగితం ఉన్నవాళ్లకు

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, మన ఊళ్లలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. కోర్టుకు వెళ్లకుండా పెద్దల్లో పెట్టి తెగతెంపులు చేసుకుని, స్టాంపు కాగితం మీద రాసుకుని, సామాన్లు తిరిగి ఇచ్చేసుకుని ఎవరి దారిన వాళ్లు పోయిన జంటలు లంక గ్రామాల్లోనూ ఉన్నాయి, పట్నాల్లోనూ ఉన్నాయి. వాళ్ల కులాచారంలో అలాంటి విడాకులు ఉన్నాయని కోర్టులో రుజువు చేయగలిగితే తప్ప, హిందువులకు ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. చట్టం కళ్లకు వాళ్లింకా భార్యాభర్తలే.

దాని ఫలితం మగవారికి ఒకలా, ఆడవారికి ఒకలా ఉంటుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగమనిషి వీలునామా రాయకుండా పోతే కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి మొదటి తరగతి వారసులు. తండ్రి ఆ వరసలో లేడు. ఆడమనిషి పోతే మొదట పిల్లలూ భర్తా. పిల్లలు లేకపోతే భర్త, అతనూ లేకపోతే అతని వారసులు. ఆమెను కన్న తల్లిదండ్రులు ఆ తర్వాతే. అంటే పెద్దల్లో తేల్చుకుని పుట్టింటికి వచ్చేసి, టైలరింగు చేసుకుంటూ పాలసీ కట్టుకున్న అమ్మాయి సంపాదనకు, తల్లి కంటే ముందు ఆ భర్తే వారసుడు. ఈ సంగతి తెలిసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

కాబట్టి పెద్దమనుషుల కాగితంతో ఆగిపోయినవాళ్లు రెండు పనులు చేయాలి. వీలైనంత త్వరలో కోర్టు డిక్రీ తెచ్చుకోవాలి. ఈలోగా నామినేషనును తల్లి పేరునో పిల్లల పేరునో మార్చాలి. తల్లి, పిల్లలు అని నేను పట్టుబట్టి చెప్పడానికి చట్టంలోనే కారణం ఉంది.

అన్నదమ్ముల పేరు రాసే ముందు

1983లో సుప్రీంకోర్టు సర్బతీ దేవి కేసులో ఒక మాట తేల్చింది: నామినీ డబ్బు అందుకునే మనిషే గానీ సొంతదారు కాదు, అందుకున్నది వారసులకు చెందుతుంది అని. బీమా చట్టానికి 2015లో వచ్చిన సవరణ ఈ పరిస్థితిని కొంత మార్చింది. తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు, వీరిలో ఎవరిని నామినీగా పెట్టినా ఆ డబ్బు మీద వారికి అనుభవ హక్కు (తమ కోసమే వాడుకునే హక్కు) ఉంటుందని 39వ సెక్షనులో చేర్చారు. దీంతో వారసుల హక్కు పూర్తిగా పోయినట్టేనా అన్న దాని మీద హైకోర్టులు ఒకేలా తీర్పులు ఇవ్వలేదు. అయినా ఈ జాబితాలో ఉండటం నామినీకి పెద్ద బలం.

ఆ జాబితాలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనల్లుళ్లు లేరు. విడాకుల కోపంలో, కష్టకాలంలో అండగా నిలిచాడన్న ప్రేమతో, చాలామంది తమ్ముడి పేరు రాసేస్తారు. అది చెల్లుతుంది, కంపెనీ తమ్ముడికే చెక్కు ఇస్తుంది. కానీ ఆ డబ్బు అతనిది అయిపోదు. పిల్లలు అడగొచ్చు, తల్లి అడగొచ్చు, డిక్రీ లేకపోతే ఆ భార్య కూడా అడగొచ్చు. తమ్ముడికే చెందాలన్నది మీ గట్టి కోరిక అయితే నామినేషనుతో పాటు వీలునామా కూడా రాయండి.

మొదటి అడుగు: ఎన్ని పాలసీలున్నాయో తేల్చండి

ఇంట్లో బాండ్లు వెతకడంతో సరిపోదు. బ్యాంకు పాసు పుస్తకం ఏడాది మొత్తానికి ప్రింటు తీయించండి. ఏటా 436 రూపాయలు కట్ అయితే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 2 లక్షల కవరేజీ. 20 రూపాయలు కట్ అయితే సురక్షా బీమా, ప్రమాద మరణానికి 2 లక్షలు. ఈ రెండింటికీ బాండు ఉండదు, నామినీ వివరం బ్యాంకులోనే ఉంటుంది. ఖాతా తెరిచిన రోజుల్లో ఎవరో నింపేసిన ఫారంలో భర్త పేరే ఉండిపోయి ఉంటుంది. ఖాతాకు నామినీ వేరు, బీమాకు నామినీ వేరు. బ్రాంచిలో రెండూ అడిగి రెండూ మార్పించండి.

ఆ తర్వాత ఎల్‌ఐసీ, ప్రైవేటు కంపెనీల పాలసీలు, పోస్టాఫీసు జీవిత బీమా, గ్రామీణ తపాలా బీమా. ప్రభుత్వోద్యోగులైతే జీతం స్లిప్పులో కనిపించే రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా ఏపీజీఎల్‌ఐ, గ్రూపు ఇన్సూరెన్సు. ప్రైవేటు ఉద్యోగులకు పీఎఫ్‌తో వచ్చే బీమా. ఇంటి లోనుతోనో, ట్రాక్టరు లోనుతోనో, డ్వాక్రా సంఘం అప్పుతోనో అంటగట్టిన బీమా. రొయ్యల చెరువుకు అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లు చేయించిన పాలసీ సంగతి చాలామందికి గుర్తే ఉండదు.

ఒక నోటు పుస్తకంలో ప్రతి పాలసీకీ నంబరు, కంపెనీ, బ్రాంచి, ఎవరి ప్రాణం మీద తీసుకున్నది, ఎవరు ప్రీమియం కడుతున్నది, ఇప్పుడు నామినీ ఎవరు, బాండు ఎవరి దగ్గర ఉంది అన్నవి రాసుకోండి. ఎవరి ప్రాణం మీద అన్నది ముఖ్యం. 39వ సెక్షను కింద నామినీని పెట్టే హక్కు సొంత ప్రాణం మీద పాలసీ ఉన్నవారిదే. భర్త ప్రపోజరుగా (దరఖాస్తు చేసి పాలసీ తీసుకున్నవాడిగా) ఉండి భార్య ప్రాణం మీద తీసుకున్న పాలసీ అతని ఆస్తి. దాన్ని ఏం చేయాలన్నది విడాకుల ఒప్పందంలోనే తేల్చుకోవాలి. పిల్లల పేరు మీద తీసుకున్న పాలసీలదీ ఇదే సంగతి. ప్రపోజరు ఎవరు, ఇక మీదట ప్రీమియం ఎవరు కడతారు అన్నది ఒప్పందంలో రాయించండి. రాయకపోతే తండ్రి మానేస్తాడు, తల్లికి తెలియదు, పాలసీ ల్యాప్స్ అవుతుంది.

రెండో అడుగు: మార్చడానికి వీల్లేని పాలసీయేమో చూడండి

1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం ఒకటుంది. దాని 6వ సెక్షను కింద పెళ్లయిన మగవాడు తన ప్రాణం మీద, భార్యా పిల్లల మేలు కోసం పాలసీ తీసుకుంటే, అది వాళ్ల కోసం ఏర్పడిన ట్రస్టు అవుతుంది. భర్త దాన్ని మార్చలేడు, అప్పులవాళ్లు ముట్టుకోలేరు. 39వ సెక్షను ఈ పాలసీలకు వర్తించదని చట్టంలోనే ఉంది. మన ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కాబట్టి, హిందువులు, ముస్లింల పాలసీలకు ఈ రక్షణ ఇక్కడ 1913 చివరి నుంచే అమల్లోకి వచ్చింది. మిగతా దేశానికి 1923లో వచ్చింది. వ్యాపారాల్లో, చెరువుల్లో పెట్టుబడి పెట్టేవాళ్లు అప్పుల భయంతో ఈ పద్ధతిలో పాలసీ తీసుకోవడం ఇప్పటికీ ఉంది.

బాండులోనో, దానికి అతికించిన కాగితంలోనో ఈ చట్టం పేరు గానీ, ట్రస్టీ పేరు గానీ కనిపిస్తే ఆగండి. మామూలు ఫారం నింపి లాభం లేదు. భార్య పేరు రాసి ఉన్న పాలసీ అయితే, విడాకులు అయినంత మాత్రాన ఆమె హక్కు పోయిందని ఎవరూ అనుకోకూడదు. ఆమె ఒప్పుకుంటే రాజీలో భాగంగా కోర్టు ముందే తేల్చుకోవడం మేలు. మీరు ఆ భార్య స్థానంలో ఉన్నట్టయితే, "అది నా పాలసీ, నేను మార్చేసుకుంటా" అన్న మాటకు లొంగి ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

మూడో అడుగు: తాకట్టులో ఉన్న పాలసీలు

ఇంటి లోనుకో వ్యాపారం లోనుకో పాలసీని బ్యాంకుకు అసైన్ చేసి (హక్కు రాసిచ్చి) ఉంటే నామినేషను రద్దయిపోయిందనీ, అందుకని పాత పేరు గురించి బెంగ లేదనీ కొందరు అనుకుంటారు. 2015 సవరణ తర్వాత పరిస్థితి అలా లేదు. అప్పు కోసం చేసిన అసైన్‌మెంటు నామినేషనును రద్దు చేయదు. అప్పు మేరకే నామినీ హక్కు తగ్గుతుంది. వేరే అసైన్‌మెంటు వల్ల రద్దయిన నామినేషను కూడా, అప్పు తీరి పాలసీ మీ పేరుకు తిరిగి రాగానే తనంతట తాను బతుకుతుంది. అంటే మీరు లోను తీర్చుకుని సంతోషపడిన రోజే, విడిపోయిన మనిషి పేరు మళ్లీ నామినీగా లేచి కూర్చుంటుంది. బ్యాంకు నుంచి బాండు చేతికి రాగానే కొత్త నామినేషను వేయండి.

నాలుగో అడుగు: కొత్త నామినీ, చిన్నపిల్లలైతే అపాయింటీ

ఒకరికంటే ఎక్కువ మందిని పెట్టొచ్చు, శాతాలు రాయొచ్చు. శాతాలు కలిపితే సరిగ్గా నూరు కావాలి. "పిల్లలందరికీ సమానంగా" అని కాకుండా ఒక్కొక్కరి పూర్తి పేరు, పుట్టిన తేదీ, బంధుత్వం, శాతం రాయండి. ఆధార్‌లో పేరు ఎలా ఉందో అలాగే.

నామినీకి 18 నిండకపోతే అపాయింటీ కావాలి. మీరు పోతే, పిల్లలు మేజర్లయ్యేదాకా ఆ డబ్బు అందుకునేది అపాయింటీయే. ఇక్కడే చాలామంది తెలియకుండా చేసే పొరపాటు ఉంది: పాత పాలసీలో పిల్లాడు నామినీ, భార్యో భర్తో అపాయింటీ. నామినీ పేరు మార్చాల్సిన పని లేదు కదా అని వదిలేస్తారు. అపాయింటీ పేరు అలాగే ఉంటే డబ్బు మొదట వెళ్లేది ఆ మనిషి చేతికే.

అపాయింటీగా ఎవరిని పెట్టాలి? పిల్లలను పెంచుతున్నది ఎవరో, డబ్బు విషయంలో నమ్మదగినవారు ఎవరో చూడండి. తాతయ్య పేరు రాయాలనిపిస్తుంది, కానీ బిడ్డ వయసు నాలుగేళ్లు, తాతయ్య వయసు డెబ్బై అయితే ఆలోచించండి. పిన్ని, మేనమామ, పెదనాన్న, పిల్లలకు దగ్గరగా ఉండే ఎవరైనా సరే. వాళ్ల సంతకం కూడా ఫారంలో ఉండాలి కాబట్టి ముందే అడగండి. వాళ్లకూ వయసు మీద పడితే మళ్లీ మార్చుకోవచ్చు.

ఇంకో మాట కూడా అనాలి. విడిపోయిన భార్య పిల్లలను బాగా చూసుకుంటోందనుకోండి, ఆమెనే అపాయింటీగా ఉంచడం తప్పేమీ కాదు. భరణానికి బదులుగానో, పిల్లల చదువుకు హామీగానో ఆమెను నామినీగానే ఉంచినవాళ్లూ ఉన్నారు. పేరు తీసేయడమే పరమావధి అనుకోవద్దు. ఆ డబ్బు ఎవరి అవసరానికి చేరాలో తెలిసి చేసిన ఎంపిక కావాలి. మాజీ భార్యనో భర్తనో తెలిసే ఉంచుతున్నట్టయితే కొత్త తేదీతో మళ్లీ నామినేషను వేసి, బంధుత్వం ఉన్నదున్నట్టు రాయండి. వీలునామాలో కూడా ఆ మాట రాస్తే, తర్వాత "మర్చిపోయి వదిలేశాడు" అని ఎవరూ వాదించలేరు.

అయిదో అడుగు: కాగితాలు

అసలు బాండు, నామినేషను మార్పు ఫారం, మీ ఆధార్, పాన్ నకళ్లు, కొత్త నామినీ గుర్తింపు కార్డు నకలు, మైనరైతే పుట్టిన తేదీ పత్రం. ఎల్‌ఐసీలో ఈ ఫారాన్ని 3750 నంబరుతో పిలుస్తారు. బ్రాంచిలో "నామినేషను మార్పు ఫారం" అని అడిగినా ఇస్తారు. సాక్షి సంతకం ఉండాలి. నామినీయే సాక్షి కాకూడదు. ఫారం ఇంగ్లిషులో ఉండి మీరు తెలుగులో సంతకం పెడుతున్నా, వేలిముద్ర వేస్తున్నా, అందులో ఉన్నది మీకు తెలుగులో వివరించి చెప్పామని మరొకరు రాసి సంతకం చేసే చోటు ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకండి.

ఫారం ఏదైనా, దానితో పాటు ఇలా ఒక ఉత్తరం జత చేయండి. మార్పు గురించి రాతపూర్వకంగా తెలియజేసినట్టు మీ దగ్గర రుజువు ఉంటుంది:

"బ్రాంచి మేనేజరు గారికి. నా పాలసీ నంబరు ........ లో నామినీగా నమోదై ఉన్న ........ పేరును రద్దు చేయవలసిందిగా కోరుతున్నాను. ఆ స్థానంలో బీమా చట్టం 1938, 39వ సెక్షను ప్రకారం నా కుమార్తె ........ (పుట్టిన తేదీ ........) ను 60 శాతానికి, మా అమ్మ ........ ను 40 శాతానికి నామినీలుగా నమోదు చేయండి. నా కుమార్తె మైనరు కనుక ఆమె పిన్ని ........ ను అపాయింటీగా నియమిస్తున్నాను. మార్పు నమోదైనట్టు లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. తేదీ, సంతకం, ఫోను నంబరు."

పోస్టాఫీసు బీమాకు ఆ పోస్టాఫీసులో, ఏపీజీఎల్‌ఐకి జిల్లా బీమా కార్యాలయంలో ఇవ్వాలి. వాటి ఫారాలు వేరు. కొన్ని ప్రైవేటు కంపెనీలు వెబ్‌సైటులోనే ఓటీపీతో నామినీని మార్చుకోనిస్తాయి.

బాండు చేతిలో లేకపోతే

బాండు అత్తారింట్లో బీరువాలో ఉండిపోయింది, అడిగితే ఇవ్వరు. బాండు చేతిలో ఉన్నంత మాత్రాన వాళ్లకు డబ్బు మీద హక్కు రాదు, భయపడకండి. కంపెనీకి మాత్రం ఉన్న నిజమే రాయండి: బాండు ఫలానావారి దగ్గర ఉంది, అడిగినా ఇవ్వడం లేదు, నామినేషను మాత్రం మార్చమని కోరుతున్నాను అని. పోయిందని అబద్ధపు అఫిడవిట్ ఇచ్చి డూప్లికేటు తీసుకుంటే, రేపు అవతలివాళ్లు అసలు బాండు చూపించినప్పుడు తప్పు మీ మీదకు వస్తుంది. విడాకుల కేసు నడుస్తుంటే వస్తువుల జాబితాలో బాండ్లు కూడా చేర్చి, కోర్టు ద్వారా తిరిగి అడగండి.

నిజంగా పోతే డూప్లికేటు బాండుకు దరఖాస్తు, స్టాంపు కాగితం మీద ఇండెమ్నిటీ బాండు (నష్టం వస్తే మేమే భరిస్తామన్న హామీ పత్రం) కావాలి. లంక ఊళ్లలో 1986 వరదకూ 2022 జూలై వరదకూ ట్రంకుపెట్టెల్లోని కాగితాలు తడిసి ముద్దయిన ఇళ్లున్నాయి. తడిసి చిరిగినా ఆ ముక్కలు పారేయొద్దు. పాలసీ నంబరు కనిపించే ముక్క ఉన్నా డూప్లికేటు తేలికవుతుంది.

ఆరో అడుగు: ఇచ్చి రావడం కాదు, నమోదు కాగితం తెచ్చుకోవడం

పాలసీ రికార్డు ఏ బ్రాంచిలో ఉందో అక్కడే ఇవ్వండి. రాజోలులో కట్టిన పాలసీ మీరు కాకినాడకు మారాక కూడా రాజోలు రికార్డులోనే ఉండొచ్చు. రెండు సెట్లు పట్టుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర, సంతకం వేయించుకోండి. వెళ్లలేకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

ఇక్కడితో పని అయిపోలేదు. నామినేషను మార్పు నమోదు చేసినట్టు కంపెనీ లిఖితపూర్వకంగా తెలియజేయాలని 39వ సెక్షనులోనే ఉంది. దానికి చిన్న రుసుము ఉంటే కట్టండి. ఆ కాగితం, లేదా బాండు వెనుక వేసిన ఎండార్స్‌మెంటు చేతికి వచ్చేదాకా వదలొద్దు. కొన్నాళ్లాగి పాలసీ స్టేటస్ ప్రింటు తీయించి కొత్త పేరు కంప్యూటరులో ఎక్కిందో లేదో కళ్లారా చూడండి.

వీలునామాలో రాస్తే చాలదా అని అడుగుతారు. వీలునామాతోనూ నామినేషను మార్చవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. కానీ దాని గురించి కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయకపోతే, కంపెనీ పాత నామినీకి చెల్లించి తన బాధ్యత తీర్చుకోవచ్చు. ఆ తర్వాత మీవాళ్లు కంపెనీని ఏమీ అనలేరు.

ఏజెంటు సంగతి. మన దగ్గర ఏజెంటు అంటే చుట్టమో, చుట్టానికి చుట్టమో. అవతలి వైపు బావమరిదే ఏజెంటు అయితే ఆయన చేతికి ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఇవ్వకండి, బాండూ ఇవ్వకండి. ఆయన మంచివాడే కావొచ్చు. అయినా ఈ పనికి మీరే బ్రాంచికి వెళ్లాలి.

ఇంటిపేరు, ఫోను, బ్యాంకు ఖాతా

నామినీ ఒక్కటి మార్చి మిగతావి వదిలేస్తే సగం పనే. పాలసీకి తగిలించిన ఫోను నంబరు, ఈమెయిలు అవతలివారివైతే ఓటీపీలు వాళ్లకే వెళ్తాయి. ప్రీమియం కట్ అయ్యే ఖాతా జాయింటుదైతే వేరే ఖాతాకు మార్చండి, లేకపోతే ఎవరూ డబ్బు వేయక వాయిదా తప్పుతుంది. గ్రేసు గడువు నెలవారీ ప్రీమియానికి 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు. మెచ్యూరిటీ డబ్బు పడే ఖాతా కూడా చూసుకోండి.

ఆడవాళ్లకు ఇంటిపేరు చిక్కు ఉంటుంది. పెళ్లికి ముందు తీసిన పాలసీ పుట్టింటి ఇంటిపేరుతో, తర్వాతది అత్తింటి ఇంటిపేరుతో, ఆధార్ ఒకలా, పాన్ ఒకలా. విడాకుల తర్వాత పుట్టింటి ఇంటిపేరుకు తిరిగి రావాలనుకుంటే ముందు ఆధార్, పాన్, బ్యాంకు సరిచేసి, తర్వాత పాలసీలకు రండి. డిక్రీ సర్టిఫైడ్ కాపీ నిజంగా అవసరమయ్యేది ఇక్కడే. రెండు మూడు కాపీలు ఒకేసారి తీసుకోండి. పాత ఇంటిపేరే ఉంచుకోవాలనుకున్నా ఫర్వాలేదు, అన్నిచోట్లా ఒకేలా ఉంటే చాలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పాత బాండులో తూర్పు గోదావరి, ఆధార్‌లో కోనసీమ అని ఉండటం సహజం. చిరునామా మార్పు కూడా అదే రోజు ఇచ్చేయండి.

పీఎఫ్ ఉన్నవారికి

పీఎఫ్ లెక్క జీవిత బీమా లెక్క కాదు. కుటుంబం ఉన్న సభ్యుడు కుటుంబ సభ్యులనే నామినీలుగా పెట్టాలి, విడాకులైన భార్య ఆ నిర్వచనంలోకి రాదు. మళ్లీ పెళ్లి చేసుకుంటే అంతకుముందు వేసిన నామినేషను చెల్లదు, కొత్తది వేయాల్సిందే. జీవిత బీమాలో ఈ నియమం లేదు. రెండో పెళ్లయినా మొదటి పేరే నిలిచి ఉంటుంది. పీఎఫ్ సంస్థ వారి యూఏఎన్ పోర్టల్‌లో ఆధార్ ఈ-సైన్‌తో కొత్త ఈ-నామినేషను వేస్తే, 7 లక్షల దాకా వచ్చే పీఎఫ్ బీమాకూ అదే పనికొస్తుంది.

కువైట్‌లో, మస్కట్‌లో ఉన్నవారికి

కోనసీమ నుంచీ నరసాపురం, పాలకొల్లు వైపు నుంచీ గల్ఫ్‌కు వెళ్లి ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. అక్కడి నుంచి పంపిన డబ్బుతో ఇక్కడ భర్త పాలసీలు కడతాడు, నామినీ ఆయనే, బాండు ఆయన దగ్గరే. కాపురం చెడితే సెలవు దొరికేదాకా ఆగకండి. మొదట పుట్టింటివారి ద్వారా పాలసీ నంబర్లు సేకరించండి. ప్రీమియం రసీదు ఫొటో ఒక్కటున్నా నంబరు తెలుస్తుంది. ఫారం ప్రింటు తీసి సంతకం చేసి, భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ చేయించి, పాస్‌పోర్టు నకలుతో నేరుగా బ్రాంచికి పంపండి. అదే కవరులో ఫోను నంబరు, బ్యాంకు ఖాతా మార్పు కూడా అడగండి.

బ్రాంచి కదలకపోతే

ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. తర్వాత బీమా నియంత్రణ సంస్థ వారి బీమా భరోసా పోర్టల్, లేదా 155255 నంబరు. ఫిర్యాదు చేసి నెల దాటినా జవాబు రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే, ఇలాంటి ఫిర్యాదులు విచారించి తేల్చే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, రుసుము లేదు. పుదుచ్చేరి కింద ఉన్నా యానాం వారికి కూడా హైదరాబాదు కార్యాలయమే.

మనిషి పోయాక పాత పేరు బయటపడితే

అన్న పోయాడు, పిల్లలు మీ దగ్గర ఉన్నారు, పాలసీలో మాత్రం విడాకులు తీసుకున్న వదిన పేరే ఉంది. గంటల్లో కదలాలి. డిక్రీ నకలు, మరణ ధ్రువపత్రం, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు జతచేసి, ఈ డబ్బు మీద వివాదం ఉంది, చెల్లింపు ఆపండి అని బ్రాంచికీ డివిజనల్ ఆఫీసుకీ రాసి ముద్ర వేయించుకోండి. ఉత్తరం ఒక్కటే కంపెనీ చేతులు కట్టేయదు. నమోదైన నామినీకి అది చెల్లించేయవచ్చు. అందుకని అదే వారంలో సివిల్ కోర్టు నుంచి చెల్లింపు ఆపే ఉత్తర్వు కోసం లాయరును పట్టుకోండి. నామినీగా పెట్టిన రోజున ఆమె భార్యే కాబట్టి 2015 సవరణ తనకు వర్తిస్తుందని అవతలివారు వాదిస్తారు. చనిపోయేనాటికి ఆమె భార్య కాదని, వారసులు పిల్లలూ తల్లీ అని మీ లాయరు వాదించాలి. డబ్బు అప్పటికే ఆమె ఖాతాలో పడి ఉంటే కంపెనీతో తగాదా పెట్టుకుని లాభం లేదు. పిల్లల తరఫున దావా ఆమె మీదే వేయాలి. దానికి ముందు ఒకసారి నేరుగా వెళ్లి మాట్లాడండి. ఆ పిల్లలు ఆమె పిల్లలు కూడా అయినప్పుడు, వారి పేరున బ్యాంకులో డిపాజిట్ చేయడానికి ఒప్పుకునే అవకాశం ఉంటుంది. ఆ ఒప్పందం కూడా కోర్టులో రికార్డు చేయించండి.